సముద్రగర్భపు మట్టి చెప్పే వేడిని నమ్మవచ్చు, వరుస చెడనంత వరకు

"థర్మామీటరే లేని కాలంలో, లక్ష ఏళ్ల కిందట సముద్రపు నీరు ఎంత వెచ్చగా ఉండేదో అడుగున పేరుకున్న మట్టిని చూసి చెబుతున్నారు. దీనిని ఎంతవరకు నమ్మవచ్చు?" అని ఇక్కడ ఒకరు అడిగారు. ఆ మట్టిని రెండేళ్ల పాటు నా చేతులతో కడిగాను కనుక జవాబు రాసే అర్హత నాకు ఉందనే అనుకుంటున్నాను. నమ్మవచ్చు. అయితే ఆ నమ్మకానికి యంత్రం కన్నా ముందు ఆధారం పొరల వరుస. ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు.

భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ అయ్యాక, పరకాల దగ్గరి మా ఊరు విడిచి, తీరప్రాంతంలోని ఒక పరిశోధనశాలలో ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరాను. హిందూ మహాసముద్రపు అడుగులో పొడవాటి గొట్టం దించి పైకి లాగిన మట్టి స్తంభాన్ని మేము కోర్ అనేవాళ్లం. దానిని సెంటీమీటరు మందాన కోసి, ప్రతి ముక్కనూ ఒక పొట్లంలో పెట్టి, పైన లోతు అంకె వేసి మాకు ఇచ్చేవారు. ముక్కను రాత్రంతా నానబెట్టి, 63 మైక్రాన్ల జల్లెడలో సన్నని ధార కింద కడిగితే బంకమట్టి అంతా జారిపోయి చారెడు తెల్లని రవ్వ మిగులుతుంది. దానిని ఆరబెట్టి నల్లని పళ్లెంలో పలుచగా చల్లి మైక్రోస్కోపు కింద పెడితే, రవ్వ అనుకున్నదంతా గుల్లలే అని తెలుస్తుంది. ఫోరామినిఫెరా అనే ఏకకణ జీవులు సముద్రపు నీటిలోని సున్నంతో కట్టుకున్న ఇళ్లు అవి. నాకు అప్పగించిన జాతి పేరు గ్లోబిజెరినాయిడిస్ రూబర్. ఇది నీటి పైభాగంలో బతుకుతుంది. గసగసాల గింజలో మూడో వంతు ఉంటుంది. మూడు బుడగలు ఒకదానికొకటి అతుక్కున్నట్టు కనిపిస్తుంది. తడిపిన సన్నని కుంచె కొనతో ఒక్కొక్కటే ఏరాలి. ఏరేటప్పుడు ఊపిరి గట్టిగా వదిలినా పళ్లెంలోవి ఎగిరిపోతాయి.

ఒక మధ్యాహ్నం "35" అని రాసి ఉన్న పొట్లం కడిగి ఏరుతున్నాను. ఆ కోర్‌లో వెయ్యేళ్లకు సుమారు రెండున్నర సెంటీమీటర్ల మట్టి పేరుకుంది కనుక, 35 సెంటీమీటర్ల లోతు అంటే దాదాపు 14,000 ఏళ్ల కిందటి మాట. తెల్లని గుల్లల మధ్య ఒకటి లేత గులాబీ రంగులో కనిపించింది. దీపం వెలుతురు వల్ల అలా ఉందేమోనని పళ్లెం తిప్పి చూశాను. అప్పటికి మరో రెండు కనిపించాయి. రూబర్‌లో గులాబీ రంగు రకం అట్లాంటిక్‌లో నేటికీ ఉంది కానీ, హిందూ, పసిఫిక్ మహాసముద్రాలలో సుమారు 1,20,000 ఏళ్ల కిందటే అంతరించింది. 14,000 ఏళ్ల కిందటి మట్టిలో అవి ఉండడానికి వీలు లేదు. కుంచె కింద పెట్టి మా పర్యవేక్షకురాలిని పిలిచాను. ఆమె చాలాసేపు చూసి, "పొట్లం ఎక్కడ?" అని ఒక్కటే మాట అడిగారు.

పొట్లాన్ని వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూస్తే, 35 ముందు తడికి చెరిగిపోయిన మరో 3 జాడ లీలగా కనిపించింది. అది 335, అంటే దాదాపు 1,34,000 ఏళ్ల కిందటి మట్టి. చెరిగిన అంకెను ఎవరో పరిశీలించకుండా, మిగిలిన రెండింటిని మాత్రమే మళ్లీ దిద్దారు. అసలు 35వ పొట్లం అప్పటికే కార్బన్ కాలనిర్ణయానికి వేరే చోటికి వెళ్లి ఉండడంతో ఎవరికీ అనుమానం రాలేదు. ఆ రోజు నుంచి మూడు వారాలు, ఆ పెట్టెలోని ప్రతి పొట్లాన్నీ తిరిగి తనిఖీ చేశాము. ఆ గులాబీ గుల్లలు కంటపడకపోయి ఉంటే, పరమాణువులను బరువును బట్టి వేరుచేసి కొలిచే మాస్ స్పెక్ట్రోమీటరు ఏ ఇబ్బందీ లేకుండా ఒక అంకెను ఇచ్చేది. 14,000 ఏళ్ల దగ్గర, ఎన్నడూ లేని ఒక చలి మా ఉష్ణోగ్రతల గీతలో నమోదయ్యేది. దానికి కారణాలు వెతుకుతూ మేమే వ్యాసం రాసేవాళ్లం.

ఆ యంత్రం కొలిచేది గుల్లలోని ఆక్సిజన్‌ను. నీరు చల్లబడిన కొద్దీ గుల్లలో బరువైన ఆక్సిజన్-18 వాటా కొంచెం పెరుగుతుంది. ఒక డిగ్రీకి వచ్చే తేడా వెయ్యిలో సుమారు 0.2 వంతు మాత్రమే. రసాయన శాస్త్రవేత్త హెరాల్డ్ యూరీ 1947లో వేసిన ఈ బాటలోనే 1955లో చెజారె ఎమిలియానీ సముద్రపు కోర్‌ల నుంచి హిమయుగాల ఉష్ణోగ్రతలను లెక్కగట్టారు. కానీ తేలికైన ఆక్సిజన్-16 ఉన్న నీరే ఎక్కువగా ఆవిరై, మంచుగా మారి ఖండాల మీద నిలిచిపోతుంది కనుక, మంచు పెరిగినా సముద్రంలో ఆక్సిజన్-18 వాటా పెరుగుతుంది. ఎమిలియానీ వేడి అనుకున్న మార్పులో అధిక భాగం మంచుదేనని 1967లో నికొలస్ షాకిల్టన్ చూపారు. డిగ్రీల లెక్క మారిపోయింది, గీతలోని ఎగుడుదిగుళ్ల వరుస మాత్రం చెక్కుచెదరలేదు. ఆ వరుస మీద ఆధారపడే 1976లో హేస్, ఇంబ్రీ, షాకిల్టన్‌లు దక్షిణ హిందూ మహాసముద్రపు కోర్‌లలో 23,000, 42,000, దాదాపు లక్ష ఏళ్లకోసారి తిరిగివచ్చే మార్పులను గుర్తించి, భూకక్ష్యలోని మార్పులతో వాటిని జోడించగలిగారు. నా వాదనకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం అవసరం లేదు.

వేడినీ మంచునూ విడదీయడానికి ఇప్పుడు అదే గుల్లలోని మెగ్నీషియం, కాల్షియం నిష్పత్తిని కొలుస్తున్నారు; డిగ్రీ పెరిగితే అది సుమారు 9 శాతం పెరుగుతుంది. మన బంగాళాఖాతంలో మరో చిక్కు ఉంది. నదులు తెచ్చే వాననీటిలో కూడా తేలికైన ఆక్సిజనే ఎక్కువ. అందువల్ల ఆక్సిజన్ లెక్క నుంచి వేడి వాటానూ మంచు వాటానూ తీసివేస్తే, మిగిలేదానిలో వర్షాల జాడ ఉంటుంది. 2006లో సముద్రపు అడుగును తొలిచే జాయిడిస్ రిజల్యూషన్ నౌక గోదావరి సముద్రంలో కలిసే చోటికి ఎదురుగా తీసిన ఒక కోర్‌లో, ఆకుల మీది మైనపు అణువులను పరీక్షించి, దాదాపు 4,000 ఏళ్ల కిందటి నుంచి పరీవాహక ప్రాంతంలో నీటి ఎద్దడిని తట్టుకునే మొక్కలు పెరుగుతూ వచ్చాయని 2012లో ప్రచురించారు. బాసర, ధర్మపురి, కాళేశ్వరం, ఏటూరునాగారం మీదుగా కొట్టుకుపోయిన మట్టి అది. మన చరిత్ర పాఠాలలో ఆ కోర్ గురించి ఒక్క వాక్యమైనా లేకపోవడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది.

పత్రికలలో వచ్చే వార్తల మీద కూడా నాకు అభ్యంతరం ఉంది. ఒక డిగ్రీ అటూ ఇటూ కావచ్చునని పరిశోధకులు రాసిన మాటను తీసివేసి, ఒకే అంకెను పెద్ద అక్షరాలలో వేస్తారు. పురుగులు, నత్తలు అడుగు మట్టిని కొన్ని సెంటీమీటర్ల మేర కలిపివేస్తాయి కనుక, మేము చూసిన కోర్ వంటిది వేల ఏళ్ల మార్పులను చెప్పగలదు కానీ ఫలానా శతాబ్దాన్నో ఏడాదినో చెప్పలేదు. ఈ రెండూ చెప్పకుండా నమ్మమంటే మీ వంటి వారికి సందేహం రావడం న్యాయమే.

వరుస విలువ ఏమిటో నాకన్నా ముందే మా బాపుకు తెలుసు. మా ఊరి చెరువులో పూడిక తీసిన వేసవిలో, ప్రొక్లెయిన్ కోసిన నిలువు గోడ ముందు ఇద్దరం నిలబడ్డాము. నల్లని ఒండ్రు మధ్య బెత్తెడు ఇసుక పొర అడ్డంగా సాగి ఉంది. బాపు దాని మీద వేలు పెట్టి, "గిది కట్ట తెగిన ఏడు అచ్చిన ఇసుక. దీని మీది మట్టంతా నా పెండ్లైనంక పడ్డదే" అన్నాడు. ఆ సాయంత్రానికి ఆ గోడ ట్రాక్టర్లకెక్కి పత్తి చేలలోకి వెళ్లిపోయింది. చేలకు మేలు జరిగింది, కాదనను. కానీ తవ్వకానికి ముందు ఒక పీవీసీ పైపు నిలువుగా దిగగొట్టి తీసి ఉంచితే ఎవరికీ ఏ నష్టమూ ఉండేది కాదు. కాకతీయుల నాటి చెరువులు ఇన్ని ఉన్న ఈ నేలలో, అడుగంటా తవ్వని చోటల్లా మన వానల లెక్క వరుసగా ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇప్పుడు హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. పోయిన వేసవిలో నలుగురు విద్యార్థులతో వెళ్లి, మా ఊరి చెరువు తూము పక్కన తవ్వకుండా మిగిలిన చోట నాలుగంగుళాల పైపు దించాము. మీటరున్నర మట్టి వచ్చింది. పై కొన ఏదో, కింది కొన ఏదో మార్కరుతో రాసి, అది చెరిగిపోతుందని పైపు మీద మేకుతో కూడా గీశాము. పైపును ఇంకా కోయలేదు. బాపు వచ్చి తన ఇసుక పొరను చూపించాక కోస్తాము.