బడి బయట ఒక పెద్ద తోడు పిల్లాడికి పనికొస్తుందా?

“మావాడు తొమ్మిదో తరగతి. ఇంట్లో నోరు విప్పడు. బడి బయట మెంటార్ ఉంటే మేలా? విశాఖలో ఎవర్ని చూసుకోవాలి?” అని అడిగారు.

మేలే. అయితే వచ్చే మనిషి డిగ్రీలు తర్వాత చూద్దురు గానీ, ఏడాది పాటు వారం వారం వస్తాడా అన్నది ముందు తేల్చుకోండి. అమెరికాలో పిల్లలకి పెద్దవాళ్లని తోడుగా జతచేసే బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ సంస్థలోని పిల్లల మీద 1995లో వచ్చిన అధ్యయనంలో, తోడు దొరికినవాళ్లు మత్తుమందు మొదలెట్టే అవకాశం 46 శాతం తగ్గింది. ఆ లెక్కల్నే 2002లో మళ్లీ తిరగేస్తే, ఏడాది దాటిన జతలకే ఎక్కువ లాభమని తేలింది. మూడు నెలల్లోపే తెగిపోయినచోట పిల్లలకి తమ మీద ఉన్న నమ్మకం కూడా తగ్గింది. కాబట్టి బదిలీ దగ్గరపడిన నేవీ అన్నయ్య, ఫైనలియర్ ఇంజనీరింగ్ కుర్రాడు వద్దు. ఆటోనగర్‌లో లేత్ నడిపే బాబాయో, స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన ఫిట్టరో మీకు బాగా తెలిసినవాళ్లయితే నయం.

వారంలో ఒకే రోజు, ఒకే వేళ, గంటన్నర చాలు. ఎదురుగా కూర్చోబెట్టి “నీ గోల్ ఏంట్రా” అంటే ఏ గుంటడూ చెప్పడు. చేతికి పనివ్వాలి. సైకిల్ పంక్చరే తీసుకోండి. ట్యూబ్‌ని నీళ్లలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో వాడే వెతకాలి. తుడిచి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, తడి పోయేదాకా ఆగాలి. తొందరపడి ప్యాచ్ అంటిస్తే గాలి కొట్టగానే లేచిపోతుంది. లేవనివ్వండి, పెద్దాయన చెయ్యి పెట్టకూడదు. సొల్యూషన్ ఆరే ఆ రెండు మూడు నిమిషాల్లోనే, చూపు ట్యూబ్ మీద పెట్టుకుని, క్లాసులో ఎవడు ఏడిపిస్తున్నాడో మెల్లగా చెప్తాడు. మన ఉప్పుగాలికి చైన్లు ఎలాగూ తుప్పు పడతాయి, పనికి లోటుండదు.

దీన్ని చెడగొట్టేది తల్లిదండ్రులే. రెండో వారానికే “మ్యాథ్స్ కూడా కాస్త చూడండి”, నాలుగో వారానికి “మావాడు ఏమన్నాడు?” ఇక వాడు నోరు కుట్టేసుకుంటాడు. ఆదివారాల్ని కూడా టెస్టులకి మింగేసే కోచింగ్‌ల సంగతి చెప్పక్కర్లేదు.

జాగ్రత్తలూ ఉండాలి. నలుగురూ తిరిగే చోటే కలవాలి. వాట్సాప్ మాటలు మీకు తెలిసే జరగాలి. “ఇది ఇంట్లో చెప్పకు” అన్న పెద్దమనిషిని ఆ రోజే మానిపించండి. పిల్లాడి మాట మెంటార్ బయటపెట్టకూడదు, ప్రాణం మీదకొచ్చే సంగతయితే తప్ప. ఆ సంగతి వాడికి మొదటిరోజే చెప్పాలి. వాడికి పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు కూడా తెలిసుండాలి.

మెంటార్ మానేయాల్సి వస్తే నెల ముందే తన నోటితో పిల్లాడికి చెప్పాలి, మీ చేత చెప్పించకూడదు.