హెడ్‌సెట్ కింద ఇయర్‌ప్లగ్

చిరంజీవి మేనల్లుడికి, అమలాపురం నుంచి మావయ్య ఆశీస్సులు.

హెడ్‌సెట్ ఉండగా చెవిలో మళ్లీ ఇయర్‌ప్లగ్ దేనికని అడిగావు. నువ్వు నడపడం నేర్చుకుంటున్న సెస్నా 172 లాంటి చిన్న విమానాల్లో మోత 85 నుంచి 95 డెసిబెల్స్ దాకా ఉంటుంది, టేకాఫ్‌లో ఇంకాస్త ఎక్కువ. 85 అయితే చెవి తట్టుకునేది రోజుకి 8 గంటలని లెక్క. 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ గడువు సగానికి పడిపోతుంది, 94కి గంటే. హెడ్‌సెట్ బిగువుగా కూర్చుంటే చాలావరకు కాపాడుతుంది. కానీ కళ్లజోడు కాడ దళసరిగా ఉందంటే మెత్త కింద సందు పడి, ఇంజను బొంగురు మోత అందులోంచే దూరుతుంది. నాయిస్ క్యాన్సిలింగ్‌వీ అంతే, బ్యాటరీ అయిపోతే మామూలు డొప్పలే.

హెడ్‌సెట్ మీద 23, ప్లగ్ ప్యాకెట్ మీద 33 అని రేటింగు, అంటే ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందన్న లెక్క, ఉంటే కలిపి 56 అనుకునేవు. పెద్దదానికి 5 కలుపుకో, అంతే. అదీ ప్లగ్ లోపలికి దిగితేనే.

దించడంలోనే ఉంది పనంతా. చేతులు కడుక్కుని, ఫోమ్ ప్లగ్‌ని ముడతలు పడకుండా వేళ్లతో సన్నగా నులుము. కుడి చెవికైతే ఎడమ చెయ్యి తల మీదుగా పోనిచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి పట్టుకో, లోపలి దారి తిన్నగా అవుతుంది. ప్లగ్ తోసి, వేలు తియ్యకుండా 30 లెక్కపెట్టు. వెంటనే వదిలేస్తే ఉబ్బుతూ వెనక్కి జారుకుంటుంది. ఎక్కువమందికి ప్లగ్ పనిచెయ్యనిది ఇందుకే. సరిగ్గా కూర్చుంటే నీ గొంతు నీకే కుండలో మాట్లాడినట్టుంటుంది. పైన అరచేతులతో చెవులు మూసి చూడు. మోత ఇంకా బాగా తగ్గిందంటే ప్లగ్ పైపైనే ఉన్నట్టు. ఇదంతా ఇంజను స్టార్ట్ చెయ్యకముందే.

ఇక వాల్యూము. ప్లగ్ రేడియో మాటని కూడా తగ్గిస్తుంది కనక పెంచుకోవాల్సిందే. పెంచాక టవర్ మాట మునుపటికన్నా తేటగా వస్తుంది. గరగరలాడిందా, హెడ్‌సెట్ స్పీకరు సత్తా అంతే. తక్కువ రేటింగు ప్లగ్ వాడు. నీ గొంతు నీకు పెద్దగా వినిపించి తెలియకుండానే మెల్లగా మాట్లాడతావు. మైకు పెదవికి ఆనీ ఆననట్టు పెట్టుకో. దిగాక ముందు వాల్యూము తగ్గించి, ఆ తర్వాతే ప్లగ్ తియ్యి. లేకపోతే నీ తర్వాత ఎక్కినవాడి పని అయిపోయిందే!

స్టాల్ హారన్, అదే రెక్కలు విమానాన్ని మొయ్యలేని స్థితి (స్టాల్) దగ్గరపడితే మోగేది, వినిపిస్తోందో లేదో నేల మీదే తేల్చుకో. రెక్క ముందంచు రంధ్రం దగ్గర ఒకరు గాలి పీలుస్తుంటే నువ్వు లోపల కూర్చుని విను. తర్వాత ఇన్‌స్ట్రక్టరు పక్కనుండగా గాలిలో స్టాల్ చేసినప్పుడు మళ్లీ చూసుకో. రేడియోని క్యాబిన్ స్పీకరు మీద వినాల్సివస్తే ఒక ప్లగ్ లాగెయ్యాలి, అందుకని కొస వేళ్లకి అందేలా ఉండాలి.

మైనంవీ సిలికాన్‌వీ వద్దు. గాలి ఆడనివ్వవు, కిందికి దిగుతుంటే కర్ణభేరి బయటికి గుంజుకుపోతుంది. ఫోమ్ కాస్త నయం. తీసేటప్పుడు మాత్రం మెలితిప్పుతూ నెమ్మదిగా.

మన డెల్టా ఉక్కకి చెవిలో చెమ్మ ఆరదు. కాలువలో ఈదొచ్చి తడి చెవిలో ప్లగ్ దూర్చావంటే బూజు పడుతుంది. ఫోమ్‌వి కడిగి వాడకు, మాసితే పారెయ్యి.

పైలట్ల మెడికల్ పరీక్ష పాసయ్యానుగా అని ధీమా పడకు. అందులో క్లాస్ 1కి వినికిడి హద్దులు 500, 1000, 2000, 3000 హెర్ట్జ్ శబ్దాల దగ్గరే. మోత దెబ్బ ముందు తగిలేది 4000 చుట్టుపక్కల. సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ ఆడియోగ్రామ్, అదే వినికిడి పరీక్ష గ్రాఫు, పట్టుకురా, ఆ గీత ఎలా ఉందో చూద్దాం. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పోతావుగా, ఆ డప్పులూ మందుగుండూ కూడా చెవి ఖాతాలోకే. ప్లగ్‌లు రెండు జతలు వేసుకురా.

మీ మావయ్య