చేతి ఆర్గనైజర్‌లో రాసుకున్న తేదీలు కోర్టులో నిలుస్తాయా?

ప్రశ్న: ఆఫీసుల్లో జిరాక్స్ మిషన్లు, ప్రింటర్లు బాగుచేస్తుంటాను. ఫోన్ ఉన్నా, పని వివరాలు మాత్రం ఇప్పటికీ నా పాత పామ్ ఆర్గనైజర్‌లోనే (చేతిలో పట్టే చిన్న డిజిటల్ డైరీ) తెర మీద పుల్లతో రాసుకుంటాను. ఏ రోజు ఎక్కడికి వెళ్ళానో డేట్‌బుక్‌లో, ఏ పార్టు మార్చానో మెమోలో ఉంటుంది. ఒక ఆఫీసుకు గత ఏడాది 11 సార్లు వెళ్ళి పనిచేశాను. 4 సార్లే వచ్చావంటూ బిల్లు ఆపేశారు. దావా వేస్తే నా డేట్‌బుక్ చెల్లుతుందా? ప్రింటు తీసిస్తే చాలా? అందులో నా సొంత సంగతులు కూడా ఉన్నాయి. అవన్నీ అవతలి వకీలు చూస్తాడా?

జవాబు: మీ డేట్‌బుక్‌ను కోర్టు చూస్తుంది. అయితే ఒక్క దాన్నే నమ్మి డిక్రీ ఇవ్వడం కష్టం. చట్టం సంగతికి వచ్చేముందు ఒక పని చేయండి. ఆర్గనైజర్‌లో సెల్స్ ఎంత మిగిలాయో ఇప్పుడే చూసుకోండి.

మీది రెండు సన్న సెల్స్ వేసే పాత రకమైతే, రాసుకున్నదంతా ర్యామ్‌లోనే, అంటే కరెంటు అందుతున్నంతవరకే నిలిచే మెమరీలోనే ఉంటుంది. పాత సెల్స్ తీసి కొత్తవి వేసే కాస్త వ్యవధి మాత్రం తట్టుకుంటుంది. సెల్స్ పూర్తిగా అయిపోయి అలాగే పడి ఉంటే మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ప్రాక్టీసు తొలి ఏళ్ళలో నేనూ వాయిదాలన్నీ అలాంటి దాంట్లోనే రాసుకునేవాణ్ణి. వేసవి సెలవుల తర్వాత తెరిస్తే ఒక్క ఎంట్రీ లేదు. ప్రతి కోర్టుకూ వెళ్ళి బెంచ్ క్లర్కులను అడిగి వాయిదాలు మళ్ళీ రాసుకున్నాను. ఎవరి కేసు నేను హాజరు కాలేదని ఎక్కడ కొట్టేస్తారోనని ఆ రెండు రోజులు నిద్రపట్టలేదు. మీ కేసుకు అలాంటి గతి పట్టకూడదని దీన్ని ముందు చెబుతున్నాను.

కంప్యూటర్‌తో హాట్‌సింక్ చేసే (ఆర్గనైజర్‌లోని, కంప్యూటర్‌లోని ఎంట్రీలను ఒకటిగా కలిపే) అలవాటు ఉంటే, ఆ బటన్ నొక్కేముందు కంప్యూటర్‌లోని పామ్ ఫోల్డర్ మొత్తాన్ని వేరే డిస్కులోకి కాపీ చేసి పక్కన పెట్టండి. ఆ తర్వాత సెట్టింగు చూడండి. కంప్యూటర్‌లో ఉన్నది ఆర్గనైజర్ మీద రాసేలా పెట్టి ఉంటే, ఒక్క నొక్కుతో మీ అసలు ఎంట్రీలు పోయి పాతవి వచ్చి కూర్చుంటాయి. డేట్‌బుక్ మెనూలో పాత ఎంట్రీలను తీసేసే పర్జ్ జోలికి కూడా పోవద్దు. మెమరీ నిండిపోయిందని అడిగినా సరే, ఏ ఎంట్రీనీ చెరపకండి, దిద్దకండి. వివాదం మొదలయ్యాక కోర్టు ముందుకు రాకూడదని ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేయడం భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 241 కింద నేరం. మర్చిపోయిన విజిట్‌ను ఇప్పుడు వెనక తేదీతో చేర్చడం అంతకంటే ప్రమాదం, అది దొంగ సాక్ష్యం సృష్టించడమే. గుర్తొచ్చిన విజిట్లను వేరే కాగితం మీద, ఇవాళ్టి తేదీ వేసి రాసుకోండి.

ఇక చట్టం. ఇలాంటి పరికరానికి చట్టంలో చోటుందా అని చాలామంది సందేహపడతారు. ఉంది. 2008లో ఐటీ చట్టాన్ని సవరించినప్పుడు చేర్చిన సెక్షన్ 2(1)(హెచ్‌ఏ)లో, కమ్యూనికేషన్ డివైస్ అంటే ఏమిటో చెబుతూ సెల్‌ఫోన్ల పక్కనే పర్సనల్ డిజిటల్ అసిస్టెన్స్ అని రాశారు. అసిస్టెంట్ అనవలసిన చోట అసిస్టెన్స్ అని పడింది, కానీ ఉద్దేశించింది మీ చేతిలో ఉన్న వస్తువునే. పాత సాక్ష్య చట్టం (ఎవిడెన్స్ యాక్ట్) స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని సెక్షన్ 63 కంప్యూటర్‌తో పాటు కమ్యూనికేషన్ డివైస్‌ను కూడా కలిపే చెబుతుంది. ఆ చట్టంలో అర్థం చెప్పని మాటలకు ఐటీ చట్టంలోని అర్థమే వర్తిస్తుంది.

ప్రింటు తీసిస్తే చాలా అన్నారు. ప్రింటు అంటే నకలు. నకలు ఇచ్చేటప్పుడు సెక్షన్ 63(4) సర్టిఫికెట్ జతచేయాలి. కొత్త చట్టం షెడ్యూల్‌లో దానికి నమూనా ఉంది. మొదటి భాగం మీరు నింపాలి, రెండోది నిపుణుడు నింపాలి, ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్లో ఏ మార్పు చేసినా మారిపోయే, వేలిముద్ర లాంటి కోడ్) కూడా అందులో రాయాలి. అసలు పరికరాన్నే తెస్తే ఈ శ్రమ తప్పుతుంది. అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ కేసులో సుప్రీంకోర్టు 2020లో, పాత సాక్ష్య చట్టంలో ఇదే సర్టిఫికెట్ గురించిన సెక్షన్ 65బి మీద ఈ విషయం స్పష్టంగా చెప్పింది. సమాచారం మొదట ఏ పరికరంలో నిల్వ అయిందో ఆ పరికరం యజమాని తానే బోనెక్కి, ఇది నాది, దీన్ని వాడేది నేనే అని రుజువు చేస్తే సర్టిఫికెట్ అక్కర్లేదు. ల్యాప్‌టాప్, ట్యాబ్లెట్, మొబైల్ ఫోన్లను అక్కడ ఉదాహరణగా చెప్పారు. మీ ఆర్గనైజర్‌కూ అదే న్యాయం వర్తిస్తుందని నేను వాదిస్తాను.

అయినా నా సలహా ఏమిటంటే, రెండూ సిద్ధం చేసుకోండి. పరికరాన్ని ఎగ్జిబిట్‌గా (కోర్టు నంబరు వేసి సాక్ష్యంగా) మార్కు చేశాక అది కోర్టు బీరువాలోకి పోతుంది. అక్కడ దానికి సెల్స్ మార్చేవాళ్ళు ఉండరు. తీర్పు రోజుకో, అప్పీలు నాటికో తెర ఖాళీగా ఉంటే ఎవరినీ అనలేం. కాబట్టి బోనులో ఉన్నప్పుడే జడ్జి గారికి ఎంట్రీలు ఒక్కొక్కటీ తెర మీద చూపించి, కనిపించింది కనిపించినట్టు రికార్డు చేయమని మీ వకీలు చేత అడిగించండి. సర్టిఫికెట్‌తో కూడిన నకలు ఫైల్లో పెట్టించండి. పరికరాన్ని తిరిగి ఇప్పించమని పిటిషన్ వేయించండి.

సర్టిఫికెట్ పెట్టారా లేదా అన్నది మీ కేసులో చిన్న విషయం. అసలు చిక్కు తేదీ దగ్గరుంది. డేట్‌బుక్‌లో మార్చి 14న మీరు వెళ్ళినట్టు ఉందనుకుందాం. అది ఏ రోజుకు వేసిన ఎంట్రీయో పరికరం చెబుతుంది, ఏ రోజు రాశారో చెప్పదు. పామ్ ఫైళ్ళలో మొత్తం డేటాబేస్ ఎప్పుడు మారిందో ఒక తేదీ ఉంటుంది గానీ, ఒక్కొక్క ఎంట్రీ ఎప్పుడు పుట్టిందో విడిగా నమోదు కాదు. పైగా గడియారాన్ని ఎవరైనా వెనక్కి తిప్పొచ్చు. తెలివైన వకీలు క్రాస్‌లో (అవతలి పక్షం మిమ్మల్ని ప్రశ్నించేటప్పుడు) ముందుగా అడిగేది ఇదే: నిన్న రాత్రి కూర్చుని ఈ 11 ఎంట్రీలు రాయలేదని గ్యారంటీ ఏమిటి?

దీనికి జవాబు మీ పాత హాట్‌సింక్‌లలో దొరకవచ్చు. మీరు ఎప్పటికప్పుడు కంప్యూటర్‌తో కలిపి ఉంటే, ఆనాటి తేదీతో ఎక్కడో పడి ఉన్న డేట్‌బుక్ బ్యాకప్ ఫైలు, హాట్‌సింక్ లాగ్ మీకు బలమైన అండ. ఎంట్రీ ఆనాటి ఫైల్లో కూడా ఉందంటే నిన్న రాత్రి పుట్టింది కాదు. సాక్ష్య అధినియమ్ సెక్షన్ 57 నాలుగో వివరణ ప్రకారం, ఒకే రికార్డు ఏకకాలంలో గానీ ఒకదాని తర్వాత ఒకటిగా గానీ అనేక ఫైళ్ళలో నిల్వ అయితే, వాటిలో ప్రతిదీ ప్రాథమిక సాక్ష్యమే. ఒకవేళ సెల్స్ అయిపోయి, కంప్యూటర్ నుంచి ఎంట్రీలను తిరిగి దింపుకుని ఉంటే ఆ మాట దాచకండి. చీఫ్‌లోనే, అంటే మీ తరఫున మొదట సాక్ష్యం చెప్పేటప్పుడే చెప్పేయండి. క్రాస్‌లో బయటపడితే మిగతా సాక్ష్యం మీద నీడ పడుతుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా, మీరు మీ కోసం రాసుకున్నది అవతలివారిని బాకీదారుగా తేల్చడానికి తనంతట తాను చాలదు. వ్యాపారంలో క్రమం తప్పక రాసే లెక్కలకే సాక్ష్య అధినియమ్ సెక్షన్ 28 ఆ పరిమితి పెట్టింది. రాజకీయ నాయకులకు డబ్బు ఇచ్చినట్టు రాసుకున్న హవాలా డైరీల మీద వచ్చిన వి.సి. శుక్లా కేసులో 1998లో సుప్రీంకోర్టు పాత చట్టంలోని సెక్షన్ 34 కింద ఇదే చెప్పింది.

అలాగని డేట్‌బుక్ వృథా కాదు. మీరు బోనులో నోటితో చెప్పేదే అసలు సాక్ష్యం. 11 తేదీలు ఎవరికీ కంఠతా ఉండవు కాబట్టి, సంఘటన జరిగినప్పుడే లేదా జ్ఞాపకం తాజాగా ఉండగా రాసుకున్నది చూసి చెప్పడానికి సెక్షన్ 162 ఒప్పుకుంటుంది. మీ మాటకు బలంగా ఆ రాతను సెక్షన్ 160 కింద చూపొచ్చు. తన కోసం రాసుకుని ఎవరికీ చెప్పని నోట్సు కూడా స్టేట్‌మెంటే అవుతుందని భోగీలాల్ చునీలాల్ పాండ్యా కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో 1958లోనే తేల్చింది. అక్కడ ప్రశ్న ఒక సొలిసిటర్ తన క్లయింట్ల గురించి రాసుకున్న నోట్సు మీద వచ్చింది. పని అయిన వెంటనే మీరు పుల్లతో గీకిన రెండు ముక్కలు కూడా ఆ కోవలోవే.

దానికి తోడుగా బయటి సాక్ష్యం వెతకండి. ఆ ఆఫీసు గేటు రిజిస్టరులో మీ సంతకాలు ఉంటాయి. పార్టులు కొన్న బిల్లుల తేదీలు మీ మెమోలతో సరిపోతాయి. మిషన్‌లో కౌంటర్ రీడింగ్ (అప్పటిదాకా ఎన్ని కాపీలు తీసిందో చూపే అంకె) రాసుకున్నారా? రాసుకుంటే అది మీ ఎంట్రీల కంటే విలువైనది. ఆ అంకె మిషన్‌దే కాబట్టి మీరు కల్పించారని అనడం వాళ్ళకు అంత తేలిక కాదు. గేటు రిజిస్టరు వాళ్ళ దగ్గరే ఉంది కనుక, లీగల్ నోటీసులోనే దాన్ని భద్రపరచమని రాయించండి, తర్వాత కోర్టు ద్వారా తెప్పించవచ్చు.

సొంత సంగతుల భయం గురించి. బోనులో మీరు చూసుకున్న రాతను అవతలివారు అడిగితే చూపించాల్సిందే, దానిమీద క్రాస్ చేయొచ్చు. అది సెక్షన్ 164. మీ ఇంటి విషయాలు, ఇతర ఖాతాదారుల పేర్లు ఈ కేసుకు సంబంధం లేనివని అభ్యంతరం చెప్పే హక్కు మీకుంది. సంబంధమున్న ఎంట్రీల వరకే నకలు తీయించి, అవి మాత్రమే మార్కు చేయించండి. మిగతావాటిని ప్రైవేటుగా మార్చి పాస్‌వర్డ్ పెడదామనిపించవచ్చు. అది ఇప్పుడు చేయకండి. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే ప్రైవేటు ఎంట్రీలన్నీ చెరిపేసి గానీ దాన్ని తీసేయలేరు. పైగా వివాదం మొదలయ్యాక పరికరంలో మార్పులు చేశారన్న మాట కూడా పడుతుంది.

గడువు చూసుకోండి. డబ్బు ఎప్పుడివ్వాలో ముందుగా ఒప్పందం లేకపోతే, చేసిన పనికి డబ్బు రాబట్టే దావా లిమిటేషన్ చట్టం 18వ ఆర్టికల్ ప్రకారం పని చేసిన నాటి నుంచి 3 ఏళ్ళ లోపు వేయాలి. 11 విజిట్లకూ విడివిడిగా డబ్బు రావలసి ఉంటే గడువు కూడా విడివిడిగానే నడుస్తుంది. మీ డేట్‌బుక్‌లో మొదటి విజిట్ తేదీ ఏదో చూసి, దాన్నిబట్టి వకీలును కలవండి.