ఏడు ఖోఖాల లెక్క: ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

నీ నవలిక 84 పేజీలూ చదివాను. 61వ పేజీ దగ్గర కోపం వచ్చింది. ఆ కోపం చల్లారకముందే ఈ ఉత్తరం మొదలుపెట్టాను, ఏమీ అనుకోకు.

అక్కడ నీ మేజర్ తన కమాండింగ్ ఆఫీసరు (సీఓ) బల్ల మీద రాజీనామా కాగితం విసిరి, టోపీ తీసి పక్కన పెట్టి, అదే సాయంత్రం రైలెక్కి విజయనగరం వచ్చేస్తాడు. సైన్యంలో ఏ ఆఫీసరుకూ అలాంటి సాయంత్రం దొరకదు. అక్కడ రాజీనామా అంటే ఒక అర్జీ. యూనిట్ నుంచి బయల్దేరి ఒక్కో మెట్టే ఎక్కుతూ ఢిల్లీలో ఆఫీసర్ల ఉద్యోగ వ్యవహారాలు చూసే మిలిటరీ సెక్రటరీ శాఖకు చేరాలి, కేంద్ర ప్రభుత్వం దాన్ని ఆమోదించాలి. ఆ ఉత్తర్వు వచ్చేదాకా అతను రోజూ పొద్దున్నే పీటీకి వెళ్ళాలి. ఎవరి మీద కోపంతో ఆ కాగితం రాశాడో ఆ సీఓకే సెల్యూట్ చెయ్యాలి, అదే మెస్సులో ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తినాలి. ఆ మధ్యలో గడిచే నెలలే నీ కథ. వాటిని నువ్వు ఒక్క రైలు టికెట్టుతో కొట్టేశావు.

ఈ విషయంలో నాది ఒకటే పట్టు, అది నీకూ పట్టించకుండా వదలను. ఆఫీసరు పరువు కోర్స్‌మేట్ల, అంటే అకాడమీలో తనతో కలిసి శిక్షణ పొందినవాళ్ళ నోళ్ళలో ఉంటుంది, నిజాయితీ అతను పెట్టే సంతకంలో ఉంటుంది. ఈ రెంటికీ చుట్టరికం ఉంది గాని రెండూ ఒకటి కావు. నీ కథ మొదటి పేజీ నుంచీ రెంటినీ ఒకటే అనుకుంది. అందుకే నీ నాయకుడు ఎక్కడ నిజాయితీ చూపించాల్సి వచ్చినా ఉపన్యాసం ఇస్తాడు. మెస్సులో ఒకటి, పరేడ్ మైదానంలో ఒకటి, ఆఖరికి ఆస్పత్రి మంచం మీద కూడా ఒకటి. ఇన్ని పేజీల్లో అతను ఒక్క కాగితం మీదా సంతకం పెట్టడు. కొత్త లెఫ్టినెంటు రోజులో కాగితాలే ఎక్కువ అని నీకెవరూ చెప్పలేదా?

ఫైరింగ్ రేంజి సంగతి చెబుతాను, దగ్గర్నుంచి చూడు. 40 మంది జవాన్లు, ఒక్కొక్కరికి 10 రౌండ్లు, మొత్తం 400. పొద్దున వోచరు మీద తీసుకున్న లెక్క అది. పేలినవి ఎన్ని, పేలకుండా మిగిలినవి ఎన్ని, ఖాళీ తొడుగులు ఎన్ని, అన్నీ సాయంత్రానికి వోచరుతో కలవాలి. ఖాళీ తొడుగును అక్కడ ఖోఖా అంటారు. రైఫిల్ పేలగానే అది కుడివైపు ఎగిరి గడ్డిలోనో ఇసకలోనో పడుతుంది. తర్వాతి వరస వాళ్ళు వచ్చి పడుకునేటప్పుడు బూట్ల కింద మట్టిలోకి దిగిపోతుంది. చీకటి పడ్డాక ఫైరింగ్ అయితే ఇంకా కష్టం. అందరూ వరసలో వంగి ఏరుతారు, పదేసి కుప్పలు పెడతారు. ప్రతి జవానూ తన దగ్గర రౌండు గాని ఖోఖా గాని లేదని పైకి చెబుతాడు. ఇప్పుడు కుప్పలు లెక్కపెడితే 393 వచ్చాయనుకో. ఏడు తక్కువ. ట్రక్కు స్టార్టు చేసి ఉంది, జవాన్లకు ఆకలిగా ఉంది, వర్షం వచ్చేలా ఉంది. పాతికేళ్ళ సర్వీసున్న సుబేదార్ సాబ్ ఎంతో మర్యాదగా, “సంతకం పెట్టెయ్యండి సాబ్, వచ్చే ఫైరింగ్‌లో సర్దేద్దాం” అంటాడు.

ఆయన దొంగ కాడు. కుర్ర ఆఫీసరు మీద జాలితోనే అంటున్నాడు. కానీ “సర్దేద్దాం” అన్న మాటను విప్పి చూడు. సర్దాలంటే ఎక్కడో ఒక డబ్బాలో లెక్కకు రాని ఖోఖాలు దాచి ఉండాలి. రౌండు నిజంగా పేలిందనడానికి ఖోఖా ఒక్కటే రుజువు. ఖోఖాలు దాచి ఉన్న చోట, పేలని రౌండ్లు ఏడు మాయమైనా కాగితం మీద ఆనవాలు ఉండదు. కాబట్టి ఆ లెఫ్టినెంటు ముందు రెండే దారులున్నాయి. ట్రక్కు ఆపించి, మళ్ళీ వరసలు కట్టించి, చేతులతో గడ్డి దువ్వించడం ఒకటి. అప్పటికీ దొరక్కపోతే 393 అని రాసి, కింద కారణం రాసి, సంజాయిషీకి సిద్ధపడటం రెండోది. ఏ దారి పట్టినా ఆ రాత్రి బ్యారక్‌లో అతనికి చెడ్డపేరే. “కొత్త సాబ్‌కు చాదస్తం” అంటారు. నిజాయితీ నిలిచింది, పరువు పోయింది. చూశావా, ఏడు ఇత్తడి తొడుగులు చాలు నీ కథకు. నువ్వు కోట్ల రూపాయల ఆయుధాల కొనుగోలు కుంభకోణం పెట్టావు. దాని ఫైలు ఒక మేజర్ చేతికి రానే రాదు.

ఇక కోర్స్‌మేట్లు. ఈ బంధం నీకు తెలుసు, బాగా రాశావు. కానీ బ్యాచ్‌లో పేరు ఎలా పుడుతుందో తప్పు రాశావు. నీ నాయకుడికి స్వోర్డ్ ఆఫ్ ఆనర్ ఇచ్చి, “బ్యాచ్‌లో మొదటి ర్యాంకు” అన్నావు. డెహ్రాడూన్ సైనిక అకాడమీలో ఆ రెండూ వేరు. ఆర్డర్ ఆఫ్ మెరిట్‌లో మొదటివాడికి బంగారు పతకం, అన్నింటా మేటి అనిపించుకున్నవాడికి కత్తి. రెండూ ఒక్కడికే రావచ్చు, రాకపోవచ్చు. ఆ మెరిట్ వరస ఊరికే పోదు, బ్యాచ్‌లో ఎవరు ఎవరికి సీనియరో అదే చెబుతుంది. ఇక రెలిగేషన్: ఆరునెలలు వెనక్కి, జూనియర్ కోర్సులోకి దిగిపోవడం. నీ కథలో ఒకడికి అది జరిగింది, నువ్వు ఒక్క వాక్యంతో దాటేశావు. డిసెంబరులో తన కోర్సు చెట్వుడ్ భవనం మెట్లెక్కి అంతిమ్ పగ్ అనే చివరి అడుగు దాటి ఆఫీసర్లవుతుంటే, అతను జూన్ దాకా ఆగిపోయిన మనిషి. ఆ తర్వాత జీవితాంతం అతనికి రెండు కోర్సులు ఉంటాయి, ఏదీ పూర్తిగా తనది కాదు. అతన్ని కథలోకి వెనక్కి తీసుకురా.

అకాడమీలో పడ్డ పేరు ఇరవై ఏళ్ళయినా వదలదు. ఎవడు పక్కవాడి ప్యాక్ మోశాడు, ఎవడు పరుగులో దగ్గరిదారి తొక్కాడు, ఎవడు ఇన్‌స్పెక్షన్‌కు ముందు ఇంకొకడి బెల్టు ఎత్తుకుపోయాడు, ఇవన్నీ కోర్సుకు గుర్తే. అయితే ఆ పేరు పదోన్నతి గదిలోకి ఎలా వెళ్తుందన్నది నువ్వు కనుక్కోవాల్సింది. 70వ పేజీలో బోర్డు సభ్యుడు “ఆ కుర్రాడా, నాకు తెలుసు, నిప్పు” అంటాడు. అనలేడు. కర్నల్ హోదాకు చూసేది నంబర్ 3 సెలెక్షన్ బోర్డు. బ్యాచ్ మొత్తాన్ని ఒకేసారి చూస్తుంది. కానీ సభ్యుల ముందుకు వచ్చే కాగితాల్లో ఆఫీసరు ఎవరన్నది తెలియకుండా కప్పి ఉంచుతారు. నోటి పేరు ఆ గది గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. లోపలికి వెళ్ళేది ఏటా రాసిన రహస్య నివేదికలు. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు, కింద మనిషి గురించి నాలుగు వాక్యాల పెన్ పిక్చర్. ముందు ఇనిషియేటింగ్ ఆఫీసరు రాస్తాడు, ఆపైన రివ్యూయింగ్ ఆఫీసరు, ఆపైన సీనియర్ రివ్యూయింగ్ ఆఫీసరు. అందరికీ ఎనిమిదులూ తొమ్మిదులూ పడే చోట ఒకే ఒక్క ఏడు పడితే చాలు, మనిషి వెనకబడతాడు. తిట్టక్కర్లేదు, గట్టిగా మెచ్చుకోకపోతే సరిపోతుంది. 393 అని రాసిన లెఫ్టినెంటుకు ఆ ఏడాది పెన్ పిక్చర్‌లో “సర్దుకుపోవడం నేర్చుకోవాలి” అన్న వాక్యం పడిందనుకో. పదిహేనేళ్ళ తర్వాత ఆ ఆరునెలలూ వెనకబడ్డవాడు కర్నల్ అవుతాడు, ఇతను కాడు. పునఃపరిశీలనలో మరో రెండు అవకాశాలుంటాయి. తర్వాత ఫిర్యాదులు, ఆపైన సాయుధ బలగాల ట్రైబ్యునల్. ఆ మెట్లన్నీ అతనితో ఎక్కిస్తావో, మౌనంగా ఉంచుతావో నీ ఇష్టం. మెట్లు ఉన్నాయని మాత్రం నీకు తెలియాలి.

“ఇంత వివరం రాస్తే పత్రికలవాళ్ళు వేసుకుంటారా?” అని అడిగావు. ఏటా జనవరి, ఆగస్టు నెలల ముందు సైనికుడి కథ కావాలంటారు మన సంపాదకులు. వాళ్ళకు కావలసింది మూడు రంగుల జెండా కప్పిన పెట్టె, తల్లి కన్నీళ్ళు, నాలుగు పేజీలు. వోచరూ లెడ్జరూ కనిపిస్తే “పాఠకుడికి విసుగు” అని ఎర్ర గీత. వ్యవసాయం కథలో ఎరువు బస్తా ధర ఉంటే వాస్తవికత అని మెచ్చుకునేవాళ్ళే, సైన్యం కథలో లెక్క కనిపిస్తే కొట్టేస్తారు. దశాబ్దాలుగా తెలుగులో సైనికుడు చనిపోవడానికే పుడుతున్నాడు. బతికి, ఉద్యోగం చేసి, ఒక తప్పుడు కాగితం ముందు కలం పట్టుకుని కూర్చున్న సైనికుడు మన కథల్లో ఎంత అరుదో చూడు. వాళ్ళ కోసం కత్తిరించకు.

విచారణ ఘట్టం మొత్తం తిరగరాయాలి. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీనీ కోర్ట్ మార్షల్‌నీ కలిపేశావు. మొదటిది నిజానిజాలు పోగుచేస్తుంది, శిక్ష వెయ్యదు. దాని తర్వాత అభియోగం వినిపించడం, సాక్ష్యాల సంగ్రహం నమోదు, ఆ తర్వాతే కోర్ట్ మార్షల్. జనరల్ కోర్ట్ మార్షల్ అయితే కనీసం ఐదుగురు ఆఫీసర్లు కూర్చోవాలి. నువ్వు ఇద్దరితో కానిచ్చేశావు. 1954 నాటి ఆర్మీ రూల్స్‌లో 180వ నియమం చదువు. ఒక మనిషి శీలానికో సైనిక ప్రతిష్ఠకో మచ్చ వచ్చే విచారణ అయితే, అతను మొదటి నుంచి చివరిదాకా అక్కడ కూర్చునే అవకాశం ఇవ్వాలి, సాక్షుల్ని ప్రశ్నించనివ్వాలి. అంటే నీ నాయకుడు తన కోర్స్‌మేట్ చెప్పే సాక్ష్యాన్ని తలుపు బయట నుంచి వినక్కర్లేదు. ఎదురుగా కూర్చుని, ఆ స్నేహితుణ్ణే ప్రశ్నలు అడగాలి. ఇరవయ్యేళ్ళ వయసులో అర్ధరాత్రి తన నీళ్ళసీసాలో సగం పోసిచ్చినవాణ్ణి “ఆ రోజు నువ్వు స్టోర్లోకి వెళ్ళావా, లేదా?” అని అడగడం ఎలా ఉంటుందో రాయి.

ఆ స్నేహితుణ్ణి డీజిల్ అమ్ముకునే దుర్మార్గుణ్ణి చేశావు. తేలికైన దారి అది. అతన్ని మంచివాడిగానే ఉంచు. స్టోర్ల తనిఖీ బోర్డులో అతనో సభ్యుడు. 600 కంబళ్ళు, కట్టకు పది. పై కట్టలు రెండు విప్పితే పదీ ఉన్నాయి, గోడవైపు కట్టల్లో ఎనిమిదో తొమ్మిదో. క్వార్టర్‌మాస్టర్ మీద నమ్మకంతో అతను కట్టలు మాత్రం లెక్కపెట్టి 60 అనుకుని సంతకం చేశాడు. లేదా అంకె రాయాల్సిన చోటు ఖాళీగా ఉండగానే కింద పేరు గీకాడు. 1950 ఆర్మీ చట్టం 58వ సెక్షన్ సరిగ్గా ఆ పని గురించే: ఖాళీ వదిలిన కాగితం మీద సంతకం. అతను ఒక్క రూపాయి తినలేదు, అయినా నేరమే. అప్పుడు నీ నాయకుడికి అసలు సంకటం మొదలవుతుంది. అమెరికాలో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ కేడెట్ల గౌరవ నియమంలో అబద్ధం, మోసం, దొంగతనంతో పాటు, అవి చేసేవాళ్ళను సహించడమూ తప్పే. 1951లో పరీక్షల కాపీ వ్యవహారంలో 90 మంది కేడెట్లు బయటికి పోయారు. తాము కాపీ కొట్టకుండా, సంగతి తెలిసి ఊరుకున్నవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. చెప్పకపోవడం స్నేహమా, తప్పా అన్నదానికి నీ కథ సమాధానం ఇవ్వక్కర్లేదు, ఆ ప్రశ్న అడిగితే చాలు.

పేరూ మనిషీ వేరువేరు దారుల్లో పోవడం చూడాలంటే డెహ్రాడూన్ మొదటి బ్యాచ్‌నే చూడు. 1932 అక్టోబరులో 40 మందితో మొదలైంది, పయనీర్స్ అంటారు. అందులోంచి మూడు దేశాల సైన్యాధిపతులు వచ్చారు: భారత్‌కు మానెక్‌షా, పాకిస్తాన్‌కు మూసా, బర్మాకు స్మిత్ డన్. స్వోర్డ్ ఆఫ్ ఆనర్ డన్‌ది. 1949లో బర్మాలో కరెన్ తెగవాళ్ళ తిరుగుబాటు ముదిరినప్పుడు, తానూ కరెన్ కావడంతోనే డన్‌కు సైన్యాధిపతి పదవి పోయింది. మానెక్‌షా మీద వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ కమాండెంట్‌గా ఉన్నప్పుడు దేశభక్తి లేదన్న ఆరోపణలతో కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ నడిచింది. నిర్దోషి అని తేలింది, 1969లో సైన్యాధిపతి అయ్యాడు. విచారణ నడిచిన ఆ రోజుల్లో పాత కోర్స్‌మేట్లు ఏమనుకున్నారో ఊహించి రాయగలవా? నీ అసలు సత్తా అక్కడ తెలుస్తుంది.

చిన్న దిద్దుబాట్లు. 12వ ఏట కర్నల్ కాలేడు. కెప్టెన్ రెండేళ్ళకు, మేజర్ ఆరేళ్ళకు, లెఫ్టినెంట్ కర్నల్ 13 ఏళ్ళకు, ఆపైన చాలావరకు ఎంపికే. డెహ్రాడూన్‌లో ఉన్నది కేడెట్లు, “ట్రెయినీలు” అని రాయకు. కోరుకొండ సైనిక్ స్కూలు నుంచి నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్డీఏ) మీదుగా వచ్చినవాడు డెహ్రాడూన్‌లో ఉండేది ఒక్క ఏడాది, నువ్వు మూడేళ్ళు ఉంచావు. ఆ మూడేళ్ళూ ఖడక్‌వాస్లాలోని ఎన్డీఏవి.

19వ పేజీ గురించి చెప్పలేదు కదూ. రాత్రి దిక్సూచి పట్టుకుని నడిచే పరీక్షలో ఒక చెక్‌పాయింట్ తప్పిపోయి, పక్కవాడి కాగితంలోంచి ఆ గుర్తు ఎక్కించుకోగలిగీ, ఎవరూ చూడకపోయినా ఆ గడి ఖాళీగా వదిలి ఇచ్చేసిన కుర్రాడు. అది మూడుసార్లు చదివాను. అక్కడ నీకు ఉపన్యాసం అవసరం రాలేదు. ఆ కుర్రాడే ఆరునెలలు వెనకబడ్డాడని నువ్వెక్కడా అనలేదు గాని, నాకు అలాగే అనిపించింది. అలాగే అయితే ఆ ఖాళీ గడికీ, ఖాళీ కాగితం కింద స్నేహితుడి సంతకానికీ ముడి పడుతుంది.

19 ముట్టుకోకు. 61 నుంచి 84 దాకా తీసేసి మళ్ళీ రాయి. పంపేటప్పుడు వరసల మధ్య జాగా ఎక్కువ వదులు, ఈసారి నేను రాయాల్సింది చాలా ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ అన్న