స్టాటిస్టిక్స్ మాన్పించొద్దు, కోడింగ్ కలపండి

గుత్తి దగ్గరి పల్లె నుంచి ఒక నాన్న రాశారు. వాళ్ల అమ్మాయి అనంతపురంలో బీఎస్సీ స్టాటిస్టిక్స్ రెండో సంవత్సరం చదువుతోంది, ప్రభుత్వ సర్వేల్లో ఉద్యోగం చేయాలని ఆశ. బంధువులేమో "ఇంటింటికీ తిరిగి లెక్కలు రాసుకునే రోజులు పోయాయి, మాన్పించి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ కోర్సులో వెయ్" అంటున్నారట.

మాన్పించొద్దు సార్. కాగితాలు పోయిన మాట నిజమే. జాతీయ గణాంక కార్యాలయం వాళ్లు ఇప్పుడు ట్యాబ్ పట్టుకొని వస్తున్నారు, పొంతన లేని అంకె వేస్తే అది అక్కడే అడ్డుకుంటుంది. ఉపాధి సర్వే, పీఎల్ఎఫ్ఎస్ అంటారు, 2025 జనవరి నుంచి పల్లెలను కూడా కలుపుకొని నెలనెలా లెక్క ఇస్తోంది. ధరలు ఎంత పెరిగాయో చెప్పే ధరల సూచీ ఉంది కదా, అది పోల్చి చూసే ఆధార సంవత్సరం 2012 నుంచి 2024కి మారింది, అందులో ఆన్‌లైన్ ధరలు కూడా చేరాయి. 2027 జనగణన మొబైల్ యాప్‌లో జరుగుతుంది.

అయితే మనిషి అక్కర్లేదా? ఆ సర్వే మీ ఇంటికే వచ్చిందనుకోండి. పోయిన ఏడు రోజుల్లో ఏం పని చేశారమ్మా అని అడిగితే మీ ఇంటావిడ "నేనేం పని చేస్తా, ఇంట్లోనే ఉంటి" అంటారు. తెల్లారకముందే లేచి ఎనుముకు గడ్డేసి, పాలు పిండి, కేంద్రంలో పోసి వచ్చింది ఆమే కదా! అలాంటి పని ఆ వారంలో ఒక్క గంట చేసినా సర్వే లెక్కలో ఆమెకు పని ఉన్నట్టే. ఆ మాట రాబట్టకుండా "పని లేదు" అని నొక్కేస్తే ట్యాబ్ కిక్కురుమనదు, ఎందుకంటే ఎనుము సంగతి దానికి తెలియదు. అలా మన సీమ ఆడవాళ్ల కష్టం లెక్కలోకే రాకుండా పోతుంది, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది. ప్రశ్న ఎలా అడగాలి, ఏ ఇళ్లను ఎంచాలి, వచ్చిన అంకెను ఎంతవరకు నమ్మొచ్చు అనేది మీ అమ్మాయి చదువుతున్న చదువే.

దారులు రెండు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఉంటే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే ఎస్ఎస్‌సీ సీజీఎల్ పరీక్షలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టుకు రాయొచ్చు. పైమెట్టు యూపీఎస్‌సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్, 21 నుంచి 30 ఏళ్ల వాళ్లకు, రాతపరీక్ష 1000 మార్కులు, ఇంటర్వ్యూ 200. పోస్టులు తక్కువ, అందుకే దాని ఒక్కదాని మీదే ఏళ్లకేళ్లు కూర్చోబెట్టకండి. ఎమ్మెస్సీ చేయించండి, పక్కనే కోడింగ్‌కు ఆర్ గానీ పైథాన్ గానీ నేర్పించండి, రెండూ ఉచితంగానే దొరుకుతాయి. అవి వస్తే బ్యాంకులు, మందుల కంపెనీల్లో డేటా ఉద్యోగాలకూ తలుపు తెరిచే ఉంటుంది.

ఈ సెలవుల్లో ఒక పని చెప్పండి. గణాంక శాఖ పీఎల్ఎఫ్ఎస్ డేటాను పేర్లు తీసేసి తన మైక్రోడేటా వెబ్‌సైట్లో ఉచితంగా ఇస్తుంది. అది దించుకొని, ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఎంతమంది ఆడవాళ్లు పనిలో ఉన్నారో తనే లెక్క కట్టి, ప్రభుత్వం ప్రకటించిన అంకెతో పోల్చి చూడమనండి. తేడా వస్తే ఏ మెట్టు దగ్గర వచ్చిందో నాకు రాయమనండి, కలిసి చూద్దాం.