ఇసుకలో కనిపించిన ఒంటి చెప్పు ఫొటోలో నల్లగా ఎందుకు వస్తోంది?

భీమిలి తీరంలో మీరు తీసిన ఒంటి చెప్పు నల్లని ముద్దలా రావడానికి కారణం ఫోన్ లోపం కాదు, చుట్టూ ఉన్న ఇసుక మెరుపు. దృశ్యాన్నంతా సగటున మధ్యస్థ బూడిద రంగుకు తేవాలని ఫోన్‌లో వెలుతురును కొలిచే మీటరు ప్రయత్నిస్తుంది కనుక, మెరిసే ఇసుక ఎక్కువగా ఉన్నప్పుడు చిత్రం మొత్తాన్ని చీకటి చేస్తుంది.

1. చెప్పును కదపకండి. తెగిన పట్టీ, మడమ గుంటలో చేరిన తడి ఇసుక ఉన్నవి ఉన్నట్టే ఉండాలి.

2. తెరపై చెప్పు ఉన్నచోట వేలు కాసేపు నొక్కి ఉంచి, ఫోకస్‌ను, ఎక్స్‌పోజర్‌ను (చిత్రానికి అందే వెలుతురు మోతాదును) లాక్ చేయండి. చాలామంది ఒకసారి తాకి వదిలేస్తారు. చేయి కాస్త కదలగానే ఫోన్ మళ్లీ కొలత తీసుకుంటుంది, వెలుతురు మొదటికొస్తుంది. లాక్ అయిన తర్వాతే, తెరపై వెలుతురును పెంచే సూర్యుడి గుర్తును కొద్దిగా పైకి జరపండి. కెమెరా అయితే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (వెలుతురును పెంచే, తగ్గించే అమరికను) +1 దగ్గర మొదలుపెట్టి, ఇసుక రేణువులు విడివిడిగా కనిపించకుండా తెల్లబడిపోతే +0.7కు దించండి.

3. అక్కడ సూర్యుడు సముద్రం మీదుగా ఉదయిస్తాడు కాబట్టి, తెల్లవారిన గంటలోపు ఒడ్డు పొడవునా చూస్తూ మోకాళ్లపై కూర్చుని తీస్తే వెలుతురు పక్కనుంచి పడి చెప్పు మందం తెలుస్తుంది. నిలబడి పైనుంచి తీసిన చిత్రంలో, నా అనుభవంలో, అది అట్టముక్కలాగే కనిపిస్తుంది.