రిలే టకటకా కొట్టుకుంటుంటే బోర్డు మార్చాలా?

రొయ్యల చెరువు మీద నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల ఆటో స్టార్టర్‌లో రిలే, అంటే బోర్డు మీద కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్చి, టకటకా కొట్టుకుంటోంది, రిలే మార్చాలా, బోర్డే మార్చేయాలా అని అడిగారు. రెండూ వద్దండి. చప్పుడు చేసేది రిలే కాబట్టి అందరూ దాని మీదే పడతారు గానీ, కొట్టుకునే రిలే నూటికి తొంభై పాళ్లు బాగానే ఉంటుంది.

ఆకివీడు దగ్గర మా బావ చెరువు మీద ఇదే గొడవ. అదీ తెల్లవారుజామున, నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ. వనామీ రొయ్యలు గట్టు వారకి చేరుతుంటే బావకి ఒకటే టెన్షన్. ముందు ఆటో తప్పించి చేత్తో స్టార్ట్ చేయించాం. వచ్చిన మెకానిక్ మూతైనా విప్పకుండా "బోర్డు పోయిందండి, కొత్తది వేసేద్దాం" అన్నాడు. అతన్ని పంపించి మల్టీమీటర్ పెట్టాను. 12 వోల్టులు ఉండాల్సిన చోట రీడింగ్ 7కీ 12కీ మధ్య ఊగుతోంది. చూస్తే సప్లై దగ్గర వోల్టేజిని నిలకడగా ఉంచే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ నెత్తి ఉబ్బిపోయి ఉంది. రిలే లాగగానే (ఆన్ అవగానే) సప్లై కుంగి, బోర్డుని నడిపే చిప్ రీసెట్ అవుతోంది, రిలే వదిలేస్తోంది, వోల్టేజి లేచి మళ్లీ లాగుతోంది. ఆ కెపాసిటర్ ఒక్కటీ మార్చాం, అంతే.

మీరూ మెయిన్ ఆపేసి ముందు ఆ కెపాసిటరే చూడండి. కొట్టుకోకుండా ఒక్కసారే టక్‌మని, అవతల కరెంటు రాకపోతే మాత్రం కాంటాక్టులు మాడాయన్నమాట. రిలే మీద 10 ఆంపియర్లు అని రాసుంటుంది గానీ, అది తోలేది కాంటాక్టర్ కాయిల్‌ని, అంటే మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్చిలోని తీగచుట్టని. వదిలిన ప్రతిసారీ నిప్పురవ్వ లేస్తుంది. అప్పుడు రిలే మార్చాల్సిందే, గరుకు కాగితంతో రుద్దితే మళ్లీ త్వరగా మాడుతుంది. అసలు టక్‌మనే చప్పుడే లేకపోతే, పిన్నుల దగ్గర రిలే కాయిల్ ఓమ్స్ మల్టీమీటర్‌తో చూడండి. 12 వోల్టుల చిన్న రిలేకి 400 దగ్గర్లో రావాలి. వస్తే రిలే మంచిదే, దాన్ని నడిపే ట్రాన్సిస్టర్‌నీ, కాయిల్‌కి అడ్డంగా ఉన్న డయోడ్‌నీ చూడాలి.

ఇంకో మాట. కొందరు బోర్డు మీద నల్లటి మైనం లాంటిది పోసేసి అమ్ముతున్నారు. నీళ్లు దిగకుండా అంటారు, నాకైతే ఎవరూ రిపేరు చేయకుండా అనిపిస్తుంది. మనవాళ్లూ తక్కువేం కాదు, ప్యానెల్‌ని మూత లేకుండా పాక గుంజకి కట్టేస్తారు. ఆ ఉప్పుగాలికి పిన్నులు పచ్చబడి సోల్డరింగ్ వదిలేస్తుంది, చీమలు దూరి కాంటాక్టుల మధ్య నలుగుతాయి. కెపాసిటర్ మార్చేటప్పుడే ఆ పిన్నులు శుభ్రం చేసి మళ్లీ సోల్డర్ పెట్టించండి, రబ్బరు అంచున్న డబ్బా ఒకటి కొనండి.